గణితకవి పావులూరి మల్లన

ఈ సంచికకు ఒక పూర్వపురుషుని చరిత్రమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరగా మాకు మొదట స్ఫురించినవాడు పావులూరి మల్లన. రాజులను, మంత్రులను గొనియాడువారు పెక్కురు గలరు. లెక్కలు చెప్పినవానిని తలచువారు అరుదు. మేము సంస్కృతము చదివియు బడిలో చిరకాలము లెక్కలు కూడ చెప్పవలసివచ్చినవారము గనుక ఈ పక్షపాతమును మన్నింతురు గాక.

మల్లన వంశమువారిది కృష్ణకు దక్షిణమున కమ్మనాటిలోని పావులూరు. 1022లో పట్టమెక్కి రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడు పిఠాపుర సమీపమున నున్న నవఖండవాడను మల్లన యనువానికి అగ్రహారముగా నొసగెను. ఆ యూరు నేటికిని గలదు, మనకు దవ్వుకాదు. దానము పొందిన మల్లనయే గణితమును రచించెనా, లేక అదే పేరుగల మనుమడు రచించెనా యని పండితులు వాదులాడిరి. తాతపేరు మనుమనికి పెట్టుట మన యిండ్లలో వింతగాదు గనుక మాకు మనుమని పక్షమే సమంజసముగ దోచుచున్నది. అట్లయిన నీతడు నన్నయభట్టుకు తరువాతివాడగును. ఎట్లయినను దొరకిన తెలుగు గణితగ్రంథములలో ఇతని సారసంగ్రహగణితమే మొదటిది.

దీనికి మూలము మహావీరాచార్యుడు 850 ప్రాంతమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమందు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. ఆచార్యుడు జైనుడు, అతని లెక్కలలో జినపూజ వచ్చును. మల్లన శైవుడగుటచే ఆ తావులలో శివపూజను నిలిపెను. మూలమున సంఖ్యాస్థానములు 24 కాగా ఇతడు 36 వరకు పెంచెను. గుణకారమునందు క్రొత్త ఉదాహరణములను పెక్కింటిని చేర్చెను. చదరంగపు 64 గడులలో మొదటిదాన ఒక్కటి, ప్రక్కదాన రెండు, ఆపై నాలుగు, ఇట్లు రెట్టించుచుపోగా నగు మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 అని ఇందు గలదు. ఇంత సంఖ్యను ఛందస్సున కిమిడించుట యెట్టి పనియో పద్యము కట్టినవారికే తెలియును! దీనిని సాధించుటకు 64 మారులు కూడ నక్కరలేదు. రెండును వర్గించిన 4, దానిని వర్గించిన 16, పిమ్మట 256, 65,536, ఇట్లు ఆరుమారులు వర్గించి, తుదిని ఒకటి తీసివేసిన చాలును.

మల్లన మార్గమున త్రైరాశికము ప్రధానము. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అను మూడు రాశులను గుర్తించి, ఫలమును ఇచ్ఛచే హెచ్చించి ప్రమాణముచే భాగింపవలెను. ఛాయాగణితమును జూడుడు. ఉదాహరణము మేము కల్పించినది. పండ్రెండంగుళముల పుల్లను నిలిపిన నీడ 8 అంగుళములు పడినది. ఆ క్షణముననే ధ్వజస్తంభపు నీడ 20 మూరలు. స్తంభమెంత? నీడ 8 ప్రమాణము, పుల్ల 12 ఫలము, నీడ 20 ఇచ్ఛ. 12ను 20చే హెచ్చింప 240. 8చే భాగింప 30 మూరలు. స్తంభ మెక్కనక్కరలేదు, కొలత్రాడు నక్కరలేదు. సూర్యకిరణములు రెంటిమీదను ఒకే వాలుగ పడుటయే దీనికి కారణము. ఆ కారణమును చెప్పక సూత్రమును మాత్రము వల్లింపజేసిన నేమగునో మేమెరుగుదుము.

ఒకప్పుడు మేము తరగతిలో ఆరుగురు పది దినములలో చేయు పనిని పదునైదుగురు ఎన్ని దినములలో చేయుదురని యడిగితిమి. త్రైరాశికమును తప్పులేకుండ అప్పగించిన బాలుడొకడు 15ను 10చే హెచ్చించి 6చే భాగించి 25 అని చెప్పెను. కూలీలు పెరిగిన దినములు పెరుగునా యని వాని ప్రక్కనున్న రైతుబిడ్డ నవ్వెను. ఇచట వ్యస్తత్రైరాశికము వలయును. 6ను 10చే హెచ్చించి 15చే భాగింప 4 దినములు. తప్పు బాలునిది గాదు, మాది. క్రమమును నేర్పితిమి గాని, మొదటి మెట్టున నిలిచి ఫలము పెరుగునా తరుగునా యని యడుగుకొనుట నేర్పమైతిమి. నాటినుండి ఆ ప్రశ్న లేనిదే మేము పలకపై అంకె వేయనిచ్చినవారము గాము.

ఈ గ్రంథము గ్రామలెక్కలు వ్రాయువారికి తరతరములు ఆధారమయ్యెను. 1984లో వంశపారంపర్యపు కరణీకములు రద్దగువరకు మన కుటుంబములలో పెక్కింటికి ఆ వృత్తియే జీవనము. మల్లన మనవాడని సభలలో చెప్పుకొనువారు గలరు. కులము మాట యెట్లున్నను, ఇతని పద్యమొక్కటియు రానివారు ఇతని గోత్రమును గూర్చి కలహించుట మాకు రుచింపదు.

ఈ గణితము మొదటి భాగము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణమున 1952లో తిరుపతిలో అచ్చయినది. వ్రాతప్రతులు చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున గలవు. లెక్కలు వ్రాసిన పూర్వుల యిండ్లలో అటకలమీదను, భోషాణములలోను తాటాకు కట్టలింకను ఉండవచ్చును. పాత సామానులను అమ్మునపుడు, ఇల్లు పడగొట్టునపుడు వానిని పొయ్యిపాలు చేయక, చదువగలవారికి ఒకమారు చూపవలసినదిగా సభ్యులను వేడుకొనుచున్నాము.