సైకిలు పందేల్లో జగజ్జేత మేజర్ టేలర్
(జూన్ 21 వర్ధంతి)

1932 జూన్ 21న అమెరికాలోని షికాగో నగరంలో, కుక్ కౌంటీ ఆస్పత్రి ధర్మవార్డులో ఒక నల్లజాతి రోగి కన్నుమూశాడు. వయసు 53. శవాన్ని తీసుకువెళ్ళడానికి అయినవాళ్ళెవరూ రాలేదు. మౌంట్ గ్లెన్‌వుడ్ శ్మశానంలో దిక్కులేనివారిని పూడ్చే చోట, గుర్తుగా ఒక రాయి కూడా లేకుండా పాతిపెట్టారు. అతడే మార్షల్ వాల్టర్ టేలర్. అంతకు 33 ఏళ్ళ క్రితం ప్రపంచంలో సైకిలు మీద అతడిని మించి వేగంగా పోగలవాడు లేడు. వేలాది జనం టిక్కెట్లు కొని అతడి పందెం చూశారు. మూడు ఖండాలలో అతడి పేరు మారుమోగింది.

సైకిలు పందెమంటే మనకు కాలేజీ వార్షికోత్సవాలలో జరిగే స్లో సైక్లింగు గుర్తుకు వస్తుంది. కాస్త వయసు మళ్ళినవారికైతే ఊరి కూడలిలో మైకు పెట్టి, సీరియల్ బల్బులు కట్టి, వారం రోజులు దిగకుండా సైకిలు తొక్కిన ప్రదర్శనలు గుర్తుకు రావచ్చు. 1890 దశకపు అమెరికాలో సైకిలు పందేనికి ఉన్న స్థానం వేరు. మనకు క్రికెట్ ఎంతో అప్పట్లో వారికి సైకిలు అంత. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. రెండు చక్రాలూ సమానంగా ఉన్న సైకిలు అప్పటికే వచ్చి ఉంది. ఈ రెండూ కలిసేసరికి దేశమంతా సైకిలు పిచ్చి పట్టుకుంది. ఊరూరా చెక్కతోనో సిమెంటుతోనో పందెపు బాటలు కట్టారు. గెలిచిన వారికి వేల డాలర్లు ముట్టాయి.

ఆ పిచ్చి ముదిరిన రోజులలోనే టేలర్ పెరిగాడు. 1878 నవంబరు 26న ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్ దగ్గర పుట్టాడు. తండ్రి గిల్బర్ట్ టేలర్ అంతర్యుద్ధంలో పనిచేసినవాడు. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నుంచి పెద్ద సంసారంతో వలస వచ్చి, సౌథర్డ్ అనే సంపన్న తెల్లవారి కుటుంబంలో గుర్రపు బండి తోలేవాడు. ఆ ఇంటి పిల్లవాడికి ఈడుజోడుగా ఉంటాడని మార్షల్‌ను తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. వాడికి కొన్న బట్టలే వీడికీ, వాడికి కొన్న సైకిలే వీడికీ. చదువు కూడా అక్కడే నేర్పించారు. అయితే ఆ ముచ్చట కొద్ది ఏళ్ళే. సౌథర్డ్ కుటుంబం షికాగోకు మకాం మార్చింది. బిడ్డను వదిలి ఉండలేనని తల్లి పంపలేదు. దొరల ఇంట పెరిగిన కుర్రవాడు మళ్ళీ బండివాడి కొడుకై చిల్లర పనులకు దిగాడు. సైకిలు మాత్రం వెంట మిగిలింది.

కాలక్షేపానికి సైకిలు మీద విన్యాసాలు నేర్చుకున్నాడు. ఊళ్ళోని హే అండ్ విలిట్స్ సైకిలు షాపువారు అవి చూసి వారానికి ఆరు డాలర్ల మీద పనికి కుదుర్చుకున్నారు. పొద్దున షాపు ఊడవాలి, సాయంత్రం షాపు ముందు విన్యాసాలు చేసి జనాన్ని పోగుచేయాలి. ఆ ప్రదర్శనకు సైనిక దుస్తులు తొడిగించారు. చూసినవారు మేజర్ అని పిలవసాగారు. పట్టాలం ముఖం చూడని కుర్రవాడికి ఆ హోదా జన్మాంతం అంటిపెట్టుకుంది.

పన్నెండు, పదమూడేళ్ళ వయసులో షాపు యజమాని వేడుక కోసం అతడిని పది మైళ్ళ పందెంలో నిలబెట్టాడు. మధ్యలో దిగిపోతాడనే అందరూ అనుకున్నారు. పందెం నెగ్గి కూర్చున్నాడు.

ముళ్ళ బాట

1894లో అమెరికా సైకిలు క్రీడాకారుల సంస్థ, లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్, నల్లవారికి సభ్యత్వం లేదని తీర్మానించింది. ఆ మహాసభ జరిగింది టేలర్ పెద్దలు వదిలివచ్చిన లూయివిల్‌లోనే. ఆ తీర్మానం తప్పని ఆ సంస్థ వారసులు ప్రకటించేసరికి 1999 వచ్చింది.

1895 జూన్‌లో ఇండియానాపొలిస్ నుంచి మాథ్యూస్ అనే ఊరికి 75 మైళ్ళ పందెం పెట్టారు. నల్లవాడు దిగుతున్నాడని తెలిస్తే తోటివారు బయలుదేరనిచ్చేలా లేరు. టేలర్ దారి పక్కన దాగి ఉండి, అందరూ సాగిన తర్వాత వెనుక నుంచి వచ్చి కలిశాడు. గుర్తుపట్టి బెదిరించారు. పట్టించుకోక ముందుకు దూసుకుపోయాడు. సగం దారిలో కుండపోత వాన. రోడ్డంతా బురద. ఒక్కొక్కరే మానుకున్నారు. గమ్యం చేరినవాడు టేలర్ ఒక్కడే. అప్పటికి అతడికి పదహారేళ్ళు.

అతడిని చేరదీసినవాడు లూయీ మంగర్. ఒకప్పటి పందెగాడు, తర్వాత సైకిళ్ళ తయారీదారు. తెల్లవాడైనా ఈ కుర్రవాడిలో జగజ్జేత ఉన్నాడని నమ్మాడు. నల్లవాడిని వెంటేసుకు తిరుగుతున్నాడని భాగస్వాములు సణిగినా వదలలేదు. 1895లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో కర్మాగారం పెడుతూ టేలర్‌ను కూడా తీసుకుపోయాడు. ఇండియానాపొలిస్ వై.ఎం.సి.ఏ. వ్యాయామశాల గడప తొక్కనివ్వలేదు. వూస్టర్‌లో రానిచ్చారు. అక్కడి జార్జి స్ట్రీట్ నిట్రమైన ఎక్కుడు బాట. దిగకుండా తొక్కడమే గొప్ప. టేలర్‌కు అదే సాధన బడి. మరుసటి ఏడు తన ఊరికి వచ్చి అక్కడి ట్రాక్ మీద మైలు రికార్డును అనధికారికంగా దాటి చూపించాడు. మెచ్చుకోవలసింది పోయి ఆ ట్రాక్ మీదికి మళ్ళీ రానివ్వలేదు.

1896 డిసెంబరులో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వృత్తి క్రీడాకారుడిగా దిగాడు. అర మైలు పందెంలో నాటి మేటి ఎడ్డీ బాల్డ్‌ను ఓడించాడు. వెంటనే ఆరు రోజుల పందెంలో చేరాడు. మన ఊళ్ళలోని వారం రోజుల సైకిలు ప్రదర్శనకు ఇది పెద్దన్న వంటిది. రాత్రింబవళ్ళు తొక్కుతూనే ఉండాలి. ఎవరు ఎక్కువ మైళ్ళు తిరిగితే వారిది గెలుపు. నిద్రలేక పందెగాళ్ళకు లేనివి కనిపించేవి. టేలర్‌కు ఎవరో కత్తి పట్టుకు తరుముతున్నట్టు తోచింది. అయినా 1,732 మైళ్ళు తిరిగి ఎనిమిదో స్థానం పొందాడు. ఈ హింస చూడలేకనే రెండేళ్ళ తర్వాత, ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కరాదని న్యూయార్కు రాష్ట్రం చట్టం చేసింది. టేలర్ మళ్ళీ ఆ జోలికి పోలేదు. తన బలం ఓర్పులో కాదు, మెరుపులో ఉందని అతడికి తెలిసింది.

స్ప్రింట్ పందెం కొత్తగా చూసేవారికి వింతగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు పందెగాళ్ళు మొదట నత్తనడకన పోతూ ఒకరినొకరు కనిపెడుతుంటారు. ముందు ఉన్నవాడు గాలిని చీల్చుకుపోవాలి. వెనుక ఉన్నవాడికి ఆ బాధ తక్కువ. ఎదురుగాలిలో లారీ వెనుక సైకిలు తొక్కిన మన కుర్రకారుకు ఈ కిటుకు చెప్పనక్కరలేదు. చివరి రెండు వందల గజాల్లో ఎవరి సత్తువ వారు చూపాలి. సైకిలుకు బ్రేకు ఉండదు, ఫ్రీవీలు ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ కాలు తిరగవలసిందే. టేలర్ వెనుక నక్కి ఉండి చివరలో ఒక్క ఊపున బయటికి దూకేవాడు. అది తెలిసి తెల్లవారు జట్టుకట్టి అతడిని మధ్యలో ఇరికించేవారు. ఒకడు ముందు, ఒకడు పక్క, లోపలివైపు కంచె. సందు దొరికితేనే గెలుపు. దాంతో అతడు మొదటినుంచీ ముందుండి గెలవడం కూడా నేర్చుకున్నాడు. హ్యాండిలును అవసరాన్ని బట్టి ముందుకు జరుపుకునే కాడ ఒకటి సైకిలుకు బిగించుకుని, వెన్ను వంచి, గాలికి అడ్డు తగలకుండా కూర్చునేవాడు. ఆ పద్ధతిని తర్వాత అందరూ అందుకున్నారు.

అన్నీ పందెపు నియమాల లోపలే జరగలేదు. 1897 సెప్టెంబరులో టాంటన్ పట్టణంలో పందెం ముగిశాక బెకర్ అనే తెల్ల పందెగాడు టేలర్‌ను సైకిలు మీద నుంచి లాగి గొంతు నులిమాడు. పోలీసులు విడిపించేసరికి స్పృహ లేదు. పావుగంట దాకా తేరుకోలేదు. బెకర్‌కు పడిన శిక్ష 50 డాలర్ల జరిమానా. దక్షిణాది పందేలలో అతడి పేరే తీసుకునేవారు కాదు. జార్జియాలోని సవానాకు సాధన కోసం వెళితే, ప్రాణం మీద ఆశ ఉంటే వెళ్ళిపొమ్మని బెదిరింపు ఉత్తరం వచ్చింది. సామాను సర్దుకుని వెనుదిరిగాడు.

మాంట్రియల్ విజయం

1899 ఆగస్టు 10న కెనడాలోని మాంట్రియల్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. మైలు స్ప్రింట్‌లో బోస్టన్‌కు చెందిన టామ్ బట్లర్‌ను, ఫ్రాన్సు పందెగాడిని వెనక్కి నెట్టి టేలర్ ప్రపంచ విజేత అయ్యాడు. వయసింకా 20. ఏ క్రీడలోనైనా ప్రపంచ బిరుదు పొందిన నల్లవారిలో అతడు రెండోవాడు. మొదటివాడు కెనడాలో పుట్టిన బాక్సర్ జార్జి డిక్సన్. అదే ఏడు నవంబరులో షికాగోలో ఆవిరి యంత్రపు బండి వెనుక తొక్కి మైలు దూరాన్ని ఒక నిమిషం 19 సెకన్లలో దాటాడు. గంటకు 73 కిలోమీటర్ల వేగమన్నమాట.

1900లో అమెరికా విజేత కూడా అయ్యాడు. ప్రపంచ బిరుదు నిలబెట్టుకోవడానికి మాత్రం పోలేదు. కారణం ఆదివారం. యూరప్‌లో పెద్ద పందేలన్నీ ఆదివారమే. టేలర్ దైవభక్తుడు, వూస్టర్‌లోని జాన్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి సభ్యుడు. ఆ రోజు సైకిలు ముట్టుకోనని తల్లికి మాట ఇచ్చాడు. పదివేల డాలర్లు ఇస్తామన్నా కదలలేదు. చివరికి వారే దిగివచ్చి, అతడి కోసం మామూలు రోజుల్లో పందేలు పెట్టారు. ఒక నల్లవాడి ప్రార్థన వేళకు పారిస్ తన పంచాంగం మార్చుకోవడం ఆ కాలంలో చిన్న విషయం కాదు.

1901 మే 16న పారిస్‌లోని పార్క్ దె ప్రాన్స్ మైదానంలో ఫ్రాన్సు వీరుడు ఎడ్మండ్ జాక్లాఁ ఎదురుపడ్డాడు. 1900 ప్రపంచ బిరుదు అతడిదే. ఆ రోజు చలి. ఎండ అంటే ఇష్టపడే టేలర్ వణికిపోతూ ఓడాడు. జాక్లాఁ ముక్కు మీద బొటనవేలు పెట్టి, వేళ్ళాడిస్తూ వెక్కిరించాడు. పదకొండు రోజుల తర్వాత, 27న, సోమవారం మళ్ళీ కలిశారు. ఈసారి రెండు విడతలూ టేలర్‌వే. నడుము దగ్గర నుంచి చిన్న అమెరికా జెండా తీసి ఊపుతూ మైదానం చుట్టివచ్చాడు. తన దేశంలో హోటలు గది ఇవ్వని జెండా అది.

1902 మార్చిలో డైసీ మోరిస్‌ను పెళ్ళాడాడు. ఆ ఏడాది చివర ఇద్దరూ ఆస్ట్రేలియా వెళ్ళారు. అక్కడ జనం నీరాజనం పట్టారు. రెండోసారి వెళ్ళినప్పుడు స్వదేశీ తెల్ల పందెగాళ్ళు అక్కడికీ దాపురించారు. 1904 ఫిబ్రవరిలో మెల్బోర్న్‌లో ఐవర్ లాసన్ అడ్డుపడి కింద పడగొట్టాడు. లాసన్‌పై నిషేధం విధించారు. టేలర్ ఒళ్ళంతా గాయాలు. ఆ మే నెలలో సిడ్నీ నగరంలో కూతురు పుడితే ఊరి పేరే కలిపి రీటా సిడ్నీ అన్నారు.

స్వదేశంలో దిగీ దిగగానే పాత అవమానాలే ఎదురయ్యాయి. మనసు చెదిరింది. మూడేళ్ళ దాకా పందెం ముఖం చూడలేదు. 1907లో మళ్ళీ ఫ్రాన్సు వెళ్ళి కొంత గెలిచినా పాత మెరుపు లేదు. ఆఖరి రోజులలో ఆదివారం నియమం కూడా సడలించుకున్నాడు. 1910లో పందేలు మానుకున్నాడు. వయసు 31.

తలుపు తీయని కాలేజీ

ఇక్కడి నుంచి చెప్పడం కష్టం. యంత్రాలంటే అతడికి మక్కువ. వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంజనీరింగు చదవాలని దరఖాస్తు పెట్టాడు. హైస్కూలు సర్టిఫికెట్ లేదని చేర్చుకోలేదు. సైకిలును అంతగా ఎరిగినవాడికి ఇంజనీరింగు బడిలో చోటు దొరకలేదు. పరిశ్రమ పెట్టి నష్టపోయాడు. పందేల్లో సంపాదించింది కొద్దికొద్దిగా కరిగింది. ముచ్చటపడి కొన్న హాబ్సన్ అవెన్యూ ఇల్లు, చుట్టుపక్కల తెల్లవారు వద్దని అడ్డుపడినా వదలని ఇల్లు, అమ్ముకోవలసి వచ్చింది. 1928లో ఆత్మకథను సొంత డబ్బుతో అచ్చు వేయించి, ఇంటింటికీ తిరిగి తానే అమ్ముకున్నాడు. 1930లో భార్య విడిపోయింది. షికాగోలో వై.ఎం.సి.ఏ. గది అద్దెకు తీసుకుని పుస్తకాలు అమ్ముతూ కాలం వెళ్ళబుచ్చాడు. గుండె జబ్బు ముంచుకువచ్చింది. ధర్మవార్డు సంగతి మొదటే చెప్పుకున్నాం.

1948లో పాత కాలపు పందెగాళ్ళు కొందరు పూనుకుని, సైకిళ్ళ తయారీదారు ఫ్రాంక్ ష్విన్ సాయంతో, అదే శ్మశానంలో మంచి చోటికి అతడి అవశేషాలు మార్చి కంచు ఫలకం పెట్టించారు. 2008లో వూస్టర్ గ్రంథాలయం వెలుపల విగ్రహం వెలసింది. జార్జి స్ట్రీట్ ఎక్కుడు మీద ఏటా అతడి పేరిట పోటీ పెట్టే ఆనవాయితీ వచ్చింది. కూతురు సిడ్నీ 101 ఏళ్ళు బతికి 2005లో మరణించింది.

ఒకప్పుడు తన ట్రాక్ మీది నుంచి వెళ్ళగొట్టిన ఇండియానాపొలిస్ నగరం 1982లో 333 మీటర్ల సిమెంటు ట్రాక్ కట్టి మేజర్ టేలర్ పేరు పెట్టింది. 2011 నుంచి ఆ ట్రాక్ నిర్వహణను ఊళ్ళోని మేరియన్ విశ్వవిద్యాలయం చేపట్టింది. అమెరికా కాలేజీల సైకిలు పోటీలలో జాతీయ బిరుదులు అనేకం గెలిచిన విద్యార్థి జట్టు ఆ విశ్వవిద్యాలయానిదే. వారి సాధన ఆ ట్రాక్ మీదనే సాగింది. బ్రేకు లేని సైకిళ్ళు, వంగిన వెన్నులు, మలుపులో 28 డిగ్రీల వాలు. 2020లో ఉత్తర కరోలినాలోని సెయింట్ అగస్టీన్స్ విశ్వవిద్యాలయం కూడా సైకిలు పందేల జట్టును నిలిపింది. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన విద్యాసంస్థలలో అలాంటి జట్టు అదే మొదటిది.