కిరణములను కొలిచిన సీవర్టు

రాంట్‌జెను పండితుడు జర్మనీ దేశమున ఎక్సు కిరణములను కనుగొనినది 1895వ సంవత్సరము నవంబరు మాసమున. ఆరు నెలలు గడచిన పిమ్మట, 1896 మే 6వ తేదీన, స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోము నగరమున రోల్ఫ్ మాక్సిమిలియన్ సీవర్టు జన్మించెను. ఆ కిరణములును ఈ బాలుడును ఇంచుమించు ఒక్క ఈడువారే.

తండ్రి మాక్సు సీవర్టు జర్మనీనుండి వచ్చి, స్వీడనులో విద్యుత్తు తీగల కర్మాగారమును నెలకొల్పి ధనవంతుడయ్యెను. 1913లో ఆయన మరణింపగా, ఇంకను విద్యార్థిగా నున్న రోల్ఫునకు కావలసినంత ఆస్తి సంక్రమించెను. కూర్చుండి తినదగిన స్థితియే. కాని ఆయన కొంతకాలము వైద్యమును, కొంతకాలము విద్యుత్తు శాస్త్రమును అభ్యసించి, తుదకు ఉప్సలా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి 1919లో పట్టము పొందెను.

ఆ కాలమున రాచపుండునకు ఎక్సు కిరణములతోడను రేడియముతోడను చికిత్స చేయుచుండిరి. మందును తులమని, మాషమని తూచి ఇచ్చు వైద్యునికి కిరణములను తూచు త్రాసు లేకుండెను. రోగి చర్మము కందినచో మోతాదు సరిపోయినదని తలచువారు! కిరణములు చాలకున్న పుండు మానదు; మించిన శరీరము కాలును. రోగులకే కాదు, వైద్యులకును ముప్పు తప్పలేదు. అనుదినము ఆ యంత్రములయొద్ద పనిచేసినవారిలో అనేకులు వ్రేళ్లు పోగొట్టుకొనిరి. కొందరు ప్రాణములనే కోల్పోయిరి. 1936లో హాంబర్గు నగరమున అట్టివారి పేర్లు చెక్కిన స్మారకశిల నొకదానిని నిలిపిరి.

స్టాక్‌హోములో రేడియము చికిత్సకై ‘రాడియుమ్‌హెమ్మెట్’ అను వైద్యశాల యుండెను. సీవర్టు అచ్చట మొదట జీతము లేకయే పనికి పూనుకొని, 1924లో భౌతిక ప్రయోగశాలకు అధిపతి యయ్యెను.

రేడియమును సన్నని లోహపు గొట్టములో నుంచి పుండునకు చేరువగా నిలుపుటయే అప్పటి చికిత్సా పద్ధతి. ఇందొక చిక్కు కలదు. బిందువువంటి మూలమునుండి సెంటిమీటరు దూరమున నున్న బలము, రెండు సెంటిమీటర్ల దూరమున నాలుగవ వంతునకు తగ్గును. అందుచేత వెండ్రుకవాసి తేడాయు అచ్చట లెక్కకు వచ్చును. అదియుగాక గొట్టము బిందువు కాదు, గీత. దాని గోడగుండ నిలువుగా వెడలు కిరణము కొద్దిపాటి లోహమునే దాటును; ఏటవాలుగా వెడలునది ఎక్కువ లోహమును దాటి అంతగా క్షీణించును. ఆ గీతను అసంఖ్యాక బిందువులుగా భావించి, ఒక్కొక్క బిందువు పంపు కిరణములను కూడి లెక్కించు గణితమును సీవర్టు 1921లో ప్రకటించెను. దానినే నేటికిని సీవర్టు సమాకలని యందురు. అప్పటికాయన వయస్సు ఇరువదియైదేండ్లు!

లెక్క యొక్కటి చాలదు గదా, కొలిచి చూడవలెను. ఎక్సు కిరణములు గాలిగుండ పోవునపుడు ఆ గాలికి విద్యుత్తును ప్రవహింపజేయు గుణ మబ్బును. ఈ ధర్మము నాధారము చేసికొని సీవర్టు చిన్న గదివంటి సాధనమును నిర్మించెను. దానికి ముందుగా విద్యుదావేశ మిచ్చి కిరణములలో నుంచిన, ఆవేశము కొంత హరించును. ఎంత హరించెనో అంత మోతాదు! కొలుచునపుడు తీగ తగిలించి యుంచవలసిన పని లేదు. కావున దానిని ఇరుకైన తావులందును ఉంచగలిగిరి.

ఆయన తన పరికరములను బండిలో నెక్కించుకొని స్వీడను దేశపు ఆసుపత్రులకు తిరిగి, ఎక్సురే యంత్రములను పరీక్షించుచు, అన్నిచోట్ల మోతాదు ఒకే తీరుగ నుండునట్లు చేసెను. నా దృష్టిలో, గణితముకంటె ఈ తిరుగుటయే ఎక్కువమంది రోగులకు మేలు చేసియుండును.

1928లో స్టాక్‌హోమునందు జరిగిన అంతర్జాతీయ మహాసభ కిరణములనుండి రక్షణకై ఒక సంఘము నేర్పరచెను. అందు సీవర్టు పాలుగొనెను. 1956నుండి 1962వరకు ఆ సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. స్వీడనులో 1941నాటి రక్షణ చట్టము వెనుకను ఆయన కృషి కలదు. పిదప అణ్వస్త్ర పరీక్షల ధూళి లోకమంతట వ్యాపించినపుడు, భూమినుండియు, ఇంటి గోడలనుండియు, మానవ శరీరమునుండియు వెలువడు అతి స్వల్ప కిరణములను సయితము కొలుచుటకు ఆయన పూనుకొనెను.

1966 అక్టోబరు 3వ తేదీన సీవర్టు మరణించెను. కిరణములవలన దేహమునకు కలుగు హానిని తెలుపు కొలమానమునకు 1979లో ఆయన పేరిడిరి. సీవర్టు మిక్కిలి పెద్ద మానము. ప్రకృతిసిద్ధముగ మనకు ఏటేట సోకునది సగటున అందు వేయింట రెండు పాళ్లకు కొంచె మెక్కువ మాత్రమే.

నేడు కొన్ని ఆసుపత్రులలో రేడియమునకు మారుగా, సన్నని కాడ కొనయందు అమర్చిన చిన్న ఎక్సురే గొట్టమును పుండు చెంతకు చేర్చుచున్నారు. మీట నొక్కిన కిరణములు వెలువడును, ఆపిన ఆగిపోవును. ఇవి మెత్తని కిరణములగుటచే దూరముతో మరింత వేగముగ క్షీణించును. కావున ఆ గొట్టమును వాడుటకు ముందు దాని బలమును, ఎంత దూరమున ఎంత తగ్గుచున్నదో దానిని, గాలి నిండిన చిన్న గదులతోడనే కొలిచి చూచుచున్నారు.