చూపు ఒకచోట, చెవి నాలుగు దిక్కులా
(బిషప్ అజరయ్య గారి జీవితం)



ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్ళను మీలో చాలామంది చూసే ఉంటారు. నేసేవాని చూపు గుడ్డ మీదే ఉంటుంది. కానీ ఏ మూల పోగు తెగినా వెంటనే తెలిసిపోతుంది. చూపు నిలపకపోతే పని సాగదు, చుట్టూ గమనించకపోతే గుడ్డ చెడుతుంది. పదిమందిని నడిపించేవాడికి కూడా ఈ రెండూ కావాలి. ఈ రెండూ ఉన్న ఒక పెద్దమనిషి గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాళన్‌విలై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి పల్లె గుడిలో పాదిరి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని, చివరి పరీక్షల సమయంలో జబ్బు చేసి డిగ్రీ చేతికి రాలేదు. అయినా కుంగిపోలేదు. 1895లో వై.ఎం.సి.ఎ.లో ఉద్యోగంలో చేరి ఊరూరా తిరిగారు. మన దేశం పని మనవాళ్ళే, మన డబ్బుతోనే చెయ్యాలని ఆయన పట్టుదల. అందుకే 1903లో తిరునెల్వేలిలో స్నేహితులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు.

ఆ సొసైటీ నిజాం రాజ్యంలోని డోర్నకల్, మానుకోట వైపు మనుషుల్ని పంపింది. 1909లో అజరయ్య గారు పట్నం ఉద్యోగం వదిలి తానే డోర్నకల్ వచ్చేశారు. తెలుగు ఆయనకు పరాయి భాష. అయినా కష్టపడి నేర్చుకున్నారు. మరుసటి ఏడు ఎడిన్‌బరో మహాసభలో దొరల ముందు నిలబడి, మీరు మాకు సాయం చేస్తున్నారు గాని సమానంగా స్నేహం చెయ్యడం లేదని ధైర్యంగా చెప్పారు. ఆ మాట కొందరికి నచ్చలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను డోర్నకల్ బిషప్‌గా నియమించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. దొరల్లోనే కాదు, మనవాళ్ళలోనూ దీనికి అడ్డు చెప్పినవారున్నారు. ఆయన ఎవరితోనూ వాదులాటకు దిగక పల్లెల పని చూసుకున్నారు.

ఆయన చూపు పల్లెల మీదే. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగేవారు. పల్లె ఉపాధ్యాయులకే గాక వాళ్ళ భార్యలకు కూడా డోర్నకల్‌లో శిక్షణ ఇప్పించారు. సారా మానాలనీ, పిల్లల్ని బడికి పంపాలనీ గట్టిగా చెప్పేవారు. మాల మాదిగలు కలిసి కూర్చోని ఆ రోజుల్లో సంఘంలో కులం తేడా కూడదన్నారు.

మరి చెవి? దేశంలో ఏం జరుగుతున్నదో ఆయనకు తెలుసు. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దని, అందరితో కలిసే ఓటు వెయ్యాలని అన్నారు. మతం మారే విషయంలో గాంధీగారితో అభిప్రాయభేదం వచ్చినా తన మాట మార్చుకోలేదు. డోర్నకల్‌లో కట్టించిన పెద్ద గుడికి మన దేవాలయం లాంటి స్తంభాలు, మసీదు లాంటి గుమ్మటాలు పెట్టించారు. ఆ గుడి 1939 జనవరి 6న ప్రారంభమైంది.

ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలో ఉండేది. నంద్యాల వైపు సంఘాలు మాత్రం ఈయన అధ్యక్ష ఖండంలోనే ఉండేవి. సంఘాలన్నీ ఒకటి కావాలని 1919 నుండి పాటుపడ్డారు గాని, ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కానీ నంద్యాల వైపు చాలామంది వెంటనే అందులో చేరలేదు. నాయకుడు ఎంత దూరం చూసినా, జనమంతా అంత త్వరగా రారని దీనివల్ల తెలుస్తుంది. అందుకే నడిచేవాడు వెనక్కి తిరిగి, వెంట ఎవరు వస్తున్నారో, ఎవరు ఆగిపోయారో చూస్తూ ఉండాలి.

మిత్రులారా, మన హాస్టల్లోనూ లీడర్లున్నారు. స్టడీ అవర్ బాగా జరిపించడం మంచిదే. అయితే మూలన కూర్చుని ఇంటిమీద బెంగతో ఏడ్చే కొత్త పిల్లవాడు కూడా కంట పడాలి. వాణ్ణి గమనిస్తూ స్టడీ అవర్ మరిచిపోనూ కూడదు. అజరయ్య గారి జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.