ఆచార్య మహాదేవన్ గారు

మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దని వారు మన సీమ పెద్దలలో అరుదు. ఆ పలకరాయి యొకప్పుడు నీటి యడుగున పేరుకొన్న మెత్తని బురద. నూరుకోట్ల యేండ్లకు పైగా గడచి, పైపొరల బరువునకును భూమి యొత్తిడికిని గట్టిపడి, పొరలు పొరలుగా చీలు రాయి యైనది. మన పామూరునకు పడమట నున్న వెలిగొండలును ఆ ప్రాచీన శిలాసముదాయములోనివే. తూర్పున నున్న నెల్లూరు శిలలు అంతకంటెను పురాతనములు. డాక్టరు విలియం కింగు దొరగారు ఈ ప్రాంతములను పరిశీలించి, 1872లో కడప కర్నూలు శిలలను గూర్చియు, 1880లో నెల్లూరు ప్రాంతపు శిలలను గూర్చియు గ్రంథములు ప్రకటించిరి. ఆ పిమ్మట చిరకాలము వరకు ఈ శాస్త్రమును ఉన్నతముగా నభ్యసింపగోరిన తెలుగు విద్యార్థి సాధారణముగా మద్రాసునకో కలకత్తాకో పోవలసి యుండెడిది. ఆ కొరతను వాల్తేరులో తీర్చిన వారు ఆచార్య సి. మహాదేవన్ గారు.

వీరు 1901వ సంవత్సరమున జన్మించిరి. యౌవనమున కలకత్తాలో సర్ సి. వి. రామన్ గారి పరిశోధనాలయమున పనిచేసిరి. రామన్ గారికి లోకప్రఖ్యాతి తెచ్చిన కాంతి పరిశోధన 1928లో వెలువడినదని విద్యార్థు లెరుగుదురు. అట్టి భౌతికశాస్త్ర గృహమున రాళ్లకేమి పని యని యడుగవచ్చును. నల్ల అభ్రకము మొదలగు కొన్ని ఖనిజములను పలుచగా చీల్చి సూక్ష్మదర్శినితో చూచినచో, అచ్చటచ్చట చిన్న నీడవలయములు కానవచ్చును. వాని నడుమ యురేనియము గాని థోరియము గాని గల మిక్కిలి చిన్న రేణు వుండును. దాని నుండి వెలువడు కిరణములు నియతమైన దూరము పోయి ఆగిపోవును. యుగయుగములుగా నట్లు జరుగుటచే అంతవరకు రంగు మారి వలయ మేర్పడును. కావున ఆ వలయము రాతి వయస్సునకు ఒకవిధమైన సాక్షి. మహాదేవన్ గారు కార్డియరైటు అను ఖనిజమునందలి యీ వలయములను పరిశీలించి 1927లో ప్రకటించిరి. మరియు రాక్షసిబొగ్గులో నిగనిగలాడు పొరకును మసకపొరకును గల భేదమును ఎక్స్ కిరణములతో పరిశోధించిరి.

పిమ్మట వీరు నైజాము రాష్ట్రపు భూగర్భ పరిశీలన శాఖలో చేరి గుల్బర్గా ప్రాంతపు శిలలను పరిశీలించిరి. పరిశోధనాలయమున నేర్చిన సూక్ష్మదృష్టికి ఎండలో తిరుగు అలవాటు తోడయ్యెను. ఈ రెండును ఒక్కనియందు కూడుట యరుదు. ఆచార్యునకు గావలసిన సిద్ధత యిదియే యని మాకు తోచుచున్నది.

1941లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరులో భూగర్భశాస్త్ర శాఖను నెలకొల్పి, దానిని వీరి కప్పగించెను. అప్పుడు సర్ సి. ఆర్. రెడ్డి గారు ఉపాధ్యక్షులు. గూడూరు గనుల అభ్రకము విద్యుత్పరికరముల కొరకు విదేశములకు పోవుచుండిన కాలమది. గనిలో చెమటోడ్చువారు మనవారే గాని, ఆ ఖనిజ మచ్చట నేల యేర్పడినదో చెప్పగల శాస్త్రజ్ఞులు మనలో మిక్కిలి కొద్దిమంది.

శాఖ పుట్టిన మరుసటి యేడే విపత్తు వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలిపోయి, 1946 వరకు అచ్చటనే యుండెను. తక్కిన పెద్ద శాఖలకు కొంత పూర్వబలము గలదు. ఇది యింకను తప్పటడుగుల శిశువు. ఖనిజముల మాదిరులు, సూక్ష్మదర్శినులు, పటములు ఒక్కొక్కటిగా కూడబెట్టుకొనవలసిన శాస్త్రమునకు పరాయి యూరిలో తల దాచుకొనుట యెంత కష్టమో ఊహింపవచ్చును. ఆ యేండ్లలో శాఖ మూతబడినను ఆశ్చర్యము లేకుండెడిది, మూతబడలేదు.

వాల్తేరునకు తిరిగి వచ్చిన పిదప వీరు, వీరి శిష్యులును విశాఖ తీరపు ఇసుకపై దృష్టి నిలిపిరి. ఆ తీరమున నచ్చటచ్చట నల్లని ఇసుక చారలుండును. కొండల రాళ్లు అరిగి, వానల వలనను ఏరుల వలనను సముద్రమును చేరగా, అలలు తేలిక రేణువులను కొనిపోయి బరువైనవానిని ఒడ్డున మిగుల్చును. మన యిండ్లలో చేటతో చెరిగినపుడు పొట్టు పోయి గింజ నిలుచునట్లే యిదియును. అందు థోరియము గల మోనజైటును గూర్చి వీరు మరియొకరితో గలసి 1948లో వ్యాసము ప్రకటించిరి. తూర్పు కనుమల ఖొండలైటు శిలలను గూర్చియు వ్రాసిరి.

ఒడ్డున ఆరంభమైన పరిశోధన సముద్రములోనికి సాగెను. 1952లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజిన్ లాఫాండ్ గారు వాల్తేరునకు ఆచార్యులుగా వచ్చిరి. భారత నౌకాదళపు ఓడల సాయమున బంగాళాఖాతపు జలములను, అడుగు మన్నును పరీక్షించుట కవకాశము కలిగెను. రాళ్ల శాస్త్రము చదువవచ్చిన పిల్లలు ఓడ యెక్కి అలలలో వాంతులు చేసికొనుచు సముద్రపు బురదను పైకి తీయుట కొందరికి వింతగా దోచి యుండును. కాని మార్కాపురపు పలక పుట్టినది అట్టి నీటియడుగు బురదనుండియే గదా!

మహాదేవన్ గారు 1962లో కాలధర్మము నొందిరి. మన తీరమున కెదురుగా, ఒడ్డునకు దూరముగా సముద్రపు నేల వాలుగా దిగిపోవుచోట, ఏటిలోయలవలె లోతైన గండ్లు గలవు. లాఫాండ్ గారు 1964లో వీనిని గూర్చి వ్రాసిన వ్యాసమున వానికి మూడు పేర్లు కానవచ్చును: ఒకటి ఆంధ్ర, ఒకటి కృష్ణ, వేరొకటి మహాదేవన్.