చెట్టు నీడకు వచ్చిన డాక్టరమ్మ



తిరుపతి నుండి అలిపిరి వైపు వెళ్తే, జూపార్కు రోడ్డులో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి కనిపిస్తుంది. టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టు కట్టించినది. 2018లో శంకుస్థాపన జరిగింది, 2022లో తలుపులు తెరిచారు. ఒకప్పుడు మన జిల్లావారు ఈ జబ్బుకు వేలూరుకో మద్రాసుకో పోవలసి వచ్చేది. ఇప్పుడు వైద్యం మన గడప దగ్గరికి వచ్చింది. దేవునికి స్తోత్రం. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. స్వర్ణముఖి ఒడ్డున గుడిసెలో ఉండే యానాది తల్లి ఆ గడప దాకా ఎలా వస్తుంది? రావాలని ఆమెకు చెప్పేదెవరు?

ఈ ప్రశ్నకు నూరేళ్ల క్రితమే మన పొరుగున ఒక స్త్రీ తన జీవితంతో జవాబు చెప్పారు. ఆమె డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి పేరు వినని విశ్వాసి మన ప్రాంతంలో ఉండరు. దాన్ని స్థాపించిన తల్లి కథ మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. ఆనాడు వేలూరు, చిత్తూరు, తిరుపతి అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. 1911లో గాని చిత్తూరు జిల్లా వేరు పడలేదు. కాబట్టి ఆమె మన జిల్లా బిడ్డే అనుకోవచ్చు. తాతగారైన డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లోనే అమెరికా నుండి మిషనరీ వైద్యుడిగా బయలుదేరి వచ్చినవారు. తండ్రి కూడా ఆర్కాటు మిషన్‌లో మిషనరీ వైద్యుడే. పసితనంలో ఐడా 1876-78 నాటి గొప్ప కరువును కళ్లారా చూశారు. ఆకలితో పడివున్న పిల్లలకు తన చిన్న చేతులతో రొట్టె పంచారు. ఆ చూపు ఆమెను ఎంత భయపెట్టిందంటే, అమెరికాలో చదువుకుంటున్న రోజుల్లో ఇండియాకు మిషనరీగా ఎన్నడూ రానని నిశ్చయించుకున్నారు.

1890లో తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి తిండివనం వచ్చారు. కొంతకాలం ఉండి తిరిగి వెళ్లిపోవాలనే వచ్చారు. ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తరువాత ఒకరు ఆ ఇంటి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో అగ్రకులస్థుడు. ముగ్గురిదీ ఒకే మొర. భార్యకు కాన్పు కష్టమైంది, వచ్చి కాపాడమని. తాను డాక్టరును కాననీ, తండ్రిగారు వస్తారనీ ఐడా చెప్పారు. పరాయి మగవాడు తమ ఆడవారిని చూడడానికి వీల్లేదని ముగ్గురూ వెనక్కి వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

సహోదరీ సహోదరులారా, ఈ సంగతిని మనం జాగ్రత్తగా ఆలోచించాలి. ఆ ఊళ్లో డాక్టరు ఉన్నారు, మందు ఉంది, పిలిస్తే వచ్చే మనసూ ఉంది. ఆ తల్లులకూ డాక్టరుకూ మధ్య సిగ్గు, ఆచారం అడ్డుగోడలుగా నిలిచాయి. ఆ గోడే వారిని చంపింది. ఆ రాత్రి ప్రార్థనలో ఐడా తన మార్గాన్ని దేవునికి అప్పగించారు. అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పొందారు. స్త్రీలు ఆ కళాశాలలో పట్టా పొందిన మొదటి తరగతి అదే.

1900లో వేలూరులో తండ్రి బంగళాలోని చిన్న గదిలో, ఒకే ఒక మంచంతో పని మొదలైంది. కొద్ది నెలలకే తండ్రి కన్నుమూశారు. ఆడ డాక్టరును నమ్మి వచ్చేవారు మొదట్లో లేరు. ఆమె వెనుదిరగలేదు. న్యూయార్కులో ఒక బ్యాంకు యజమాని తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో నలభై పడకల ఆసుపత్రి తెరిచారు.

ఇంతటితో ఆగివుంటే ఆమె ఒక మంచి డాక్టరుగా మిగిలేవారు. అయితే మంచం దాకా రాలేనివారు ఎందరో ఉన్నారని ఆమె గ్రహించారు. గుడియాత్తం దారిలో వారం వారం బయలుదేరి, చెట్ల నీడన ఆగి, అక్కడికక్కడే రోగులను చూడసాగారు. మొదట ఎద్దుబండి, తరువాత 1909లో వచ్చిన చిన్న పెజో కారు. కళ్ల జబ్బులవారు, పుండ్లవారు, ఊరు వెలివేసిన కుష్ఠరోగులు ఆ చెట్ల కింద కాచుకుని కూర్చునేవారు. ఏ చెట్టు దగ్గర బండి ఆగుతుందో ఊరివారికి తెలుసు. మనిషి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే మనిషి దగ్గరికి వెళ్లింది. గాయపడినవాణ్ణి చూసి దారిలో ఆగిన సమరయుడి పరిచర్య ఇదే కదా.

తాను ఒక్కతే చాలదనీ ఆమెకు తెలుసు. 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. మన ఆడపిల్లలు ఆ చదువు చదవగలరా అని పెద్దలు అనుమానించారు. 1922లో మొదటి తరగతి అమ్మాయిలు పద్నాలుగురు పరీక్ష రాస్తే పద్నాలుగురూ ఉత్తీర్ణులయ్యారు. 1947 నుండి అబ్బాయిలనూ చేర్చుకున్నారు. ఆ తరువాత సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చింది మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ గారు. ఐడా 1960 మే 24న కొడైకెనాల్‌లో ప్రభువు సన్నిధికి చేరారు.

ఆమె క్యాన్సర్ డాక్టరు కారు. వేలూరులో రేడియేషన్ చికిత్సను నడిపింది ఆమె మేనకోడలు, అదే పేరుగల మరో ఐడా స్కడ్డర్. అయినా క్యాన్సర్ విషయంలో ఆ పెద్దామె మనకు గురువే. ఎందుకంటే తిండివనంలో ముగ్గురు తల్లులను చంపిన గోడ ఇంకా కూలలేదు.

పాస్టరుగా నేను ఎందరో తల్లులకు సమాధి ఆరాధన జరిగించాను. నెలల తరబడి తెల్లబట్ట, రక్తస్రావం ఉన్నా కొడుకుతో చెప్పలేక, భర్తతో చెప్పలేక దాచుకున్నవారున్నారు. రొమ్ములో గడ్డ నొప్పి లేదు గనుక పర్వాలేదు అనుకున్నవారున్నారు. పొగాకు, వక్క నమిలి నోట్లో పుండు పడితే వేడి చేసిందనుకున్నవారున్నారు. వీరిలో ఎస్టీ కాలనీలవారు, ఎరుకల, యానాది కుటుంబాలవారు మరీ ఆలస్యంగా వస్తారు. ఒక రోజు కూలి పోతే ఆ పూట పొయ్యి వెలగదు. ఆసుపత్రిలో కసురుకుంటారేమోనన్న భయం ఒకటి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సాధారణంగా ఏళ్ల తరబడి నెమ్మదిగా ఎదుగుతుంది. అంటే దేవుడు మనకు చాలా గడువు ఇచ్చాడన్నమాట. ముంబయి బస్తీలలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టిన పరిశోధన ఒకటుంది. దాదాపు లక్షన్నర మంది స్త్రీలు అందులో ఉన్నారు. పదో తరగతి చదివిన స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లంతోనే పరీక్ష చేయించారు. పరీక్షలు జరిగిన బస్తీలలో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పెద్ద యంత్రాలేవీ లేవు. ఇంటికి వెళ్లి పిలిచిన పొరుగింటి అక్క ఉంది, అంతే.

ఆ అక్క మన సంఘంలో లేదా? స్త్రీల సమాజం నెలలో ఒక కూడిక ఈ మాటలకు కేటాయించలేదా? నర్సుగా, ఆశా కార్యకర్తగా పనిచేసే సహోదరి చేత మాట్లాడించండి. మూడు వారాలకు మానని నోటి పుండు, రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిన తరువాత రక్తం కనబడితే ఆలస్యం వద్దని చెప్పించండి. తొమ్మిది నుండి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా గురించి డాక్టరును అడగమని తల్లులకు చెప్పండి. పరీక్ష రోజున కాలనీకి ఆటో పంపండి. ఆ పూట కూలి నష్టాన్ని కానుకల్లోనుండి భరించండి. తోడుగా ఒక సహోదరి వెళ్లి వరుసలో పక్కన నిలబడాలి. ముఖ్యంగా, వారు మన ఆరాధనకు వస్తారా రారా అని లెక్క చూడకండి.

పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ జనసమూహంలో వెనుకనుండి, వణుకుతూ ప్రభువు దగ్గరికి వచ్చింది. ఆయన ఆమెను కసురుకోలేదు, కుమారీ అని పిలిచాడు. అలాంటి తల్లి మీ సంఘంలో వచ్చే ఆదివారం వెనుక వరుసలో కూర్చుని ఉండవచ్చు. మీ వీధి చివరి గుడిసెలోనూ ఉండవచ్చు. అలిపిరి ఆసుపత్రి తలుపు తెరిచే ఉంది. ఆ తల్లికీ ఆ తలుపుకూ మధ్య ఉన్న దారిలో చెట్టు నీడలా నిలబడే కృప ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.