వాస్తుశిల్పి లూయీ సల్లివన్

ఆకాశము నంటు భవనములకు తగిన రూపమును కల్పించినవారిలో అగ్రగణ్యుడు లూయీ సల్లివన్. ఆయన జీవితమున కీర్తియు, దారిద్ర్యమును ఒకదాని వెంట నొకటి వచ్చెను.

సల్లివన్ 1856 సెప్టెంబరు 3వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రి ఐర్లండు నుండి వచ్చిన నాట్యోపాధ్యాయుడు. బోస్టన్‌లోను, పారిస్‌లోను కొంతకాలము వాస్తువిద్య నభ్యసించి ఆయన షికాగోలో స్థిరపడెను. 1871లో ఆ నగరమున పెద్దభాగము అగ్నికి ఆహుతియైనందున శిల్పులకు చేతినిండ పని యుండెను. 1883లో అడ్లర్ అను ఇంజనీరుతో భాగస్వామియై, నాలుగువేలకు పైగా ఆసనములు గల ఆడిటోరియమును 1889లో పూర్తిచేసెను.

పూర్వము కట్టడముల బరువును గోడలే మోసెడివి. ఎత్తు పెరిగినకొలది క్రింది గోడలు మిక్కిలి మందముగా నుండవలసి వచ్చెడిది. ఉక్కు చట్రము వచ్చిన పిదప గోడ కేవలము తెరవంటి దయ్యెను. అయినను పలువురు శిల్పులు క్రొత్త కట్టడములకు గ్రీకు, రోమను వేషములనే తొడుగుచుండిరి. రూపము ప్రయోజనమునుండియే జనింపవలెనని సల్లివన్ బోధించెను. సెయింట్ లూయీ నగరమున 1891లో వెలసిన పదియంతస్తుల వెయిన్‌రైట్ భవనము అందులకు నిదర్శనము. అట్లని ఆయన అలంకారమును విడువలేదు. కాల్చిన మట్టి పలకలపై ఆకులను, తీగలను పూయించెను.

1893 షికాగో ప్రపంచ ప్రదర్శనమున తెల్లని పురాతనశైలి భవనములు జనుల మనస్సులను దోచెను. సల్లివన్ రంగుల మందిరము, దాని స్వర్ణద్వారము ఆ ప్రవాహమును మరల్పజాలకపోయెను. ఆ యేడే ఆర్థికసంక్షోభము వచ్చెను. 1895లో అడ్లర్ విడిపోయెను. పనులు సన్నగిల్లి, 1909లో ఇంటి సామగ్రి సైతము వేలమునకు వచ్చెను.

మహానగరము మరచిన శిల్పిని చిన్న పట్టణములు పిలిచెను. ఓవటోన్నా పట్టణమున రైతుల బ్యాంకు కొరకు ఆయన 1908లో ఇటుకలతోను, రంగుటద్దముల కమానులతోను దేవాలయమువంటి భవనమును నిర్మించెను. 1924 ఏప్రిల్ 14వ తేదీన పేదరికముననే కన్నుమూసెను. శిష్యుడు ఫ్రాంక్ లాయిడ్ రైట్ జగత్ప్రసిద్ధుడయ్యెను. అమెరికా వాస్తుశిల్పుల సంఘము గురువునకు స్వర్ణపతకమును 1944లో, మరణానంతరము, సమర్పించెను.

అయినను 1972లో ఆయన షికాగో స్టాక్ ఎక్స్ఛేంజిని కూల్చివేసిరి. అందలి శిల్పఖండములను కాపాడబోయిన రిచర్డ్ నికెల్ అను ఛాయాగ్రాహకుడు శిథిలములక్రింద ప్రాణములు విడిచెను. ఆ భవనమున వ్యాపారము సాగిన పెద్దగదిని ఆర్ట్ ఇన్‌స్టిట్యూటు 1977 నాటికి తనలో తిరిగి అమర్చెను. 1893లో స్వామి వివేకానందుడు ప్రసంగించినది ఆ సంస్థ భవనముననే.

మహానగరమున సల్లివన్ కృతులు పెక్కు ప్రదర్శనశాలలలో ఖండములుగా మిగిలినవి. ఓవటోన్నా బ్యాంకు మాత్రము నేటికిని నిలిచియున్నది. కట్టించుట యొక పుణ్యము. కట్టినదానిని కాపాడుకొనుట అంతకు తక్కువది కాదు.