ఇమామ్ గజాలీ: తన మనస్సుతో తానే లెక్క చూసుకున్న పండితుడు

కోపం వస్తే నోరు ఆగదు. ఫజర్ నమాజుకు లేవాలని రాత్రి అనుకుంటాం, తెల్లవారితే దుప్పటి వదలం. ఇది చదువు లేనివాళ్ళ జబ్బని మనలో చాలామంది నమ్మకం. హజ్రత్ ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) జీవితం చూశాక మాకు ఆ నమ్మకం పోయింది.

ఆయన క్రీ.శ. 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. నీషాపూర్‌లో ఇమామ్ జువైనీ వద్ద చదువుకొని, 1091లో వజీరు నిజాముల్ ముల్క్ నియమించగా బాగ్దాదు నిజామియా మదర్సాలో ఆచార్యులయ్యారు. వందలమంది శిష్యులు, పేరు, హోదా, దేనికీ లోటు లేదు.

అయితే తాను చదువు చెప్పేది అల్లాహ్ కోసం కాదు, పేరు కోసమేనని ఆయనకే తెలిసిపోయింది. తెలిసీ వదలలేకపోయారు! పొద్దున వెళ్ళిపోదామని నిశ్చయం, సాయంత్రానికి మళ్ళీ వెనకడుగు. 1095లో ఇంచుమించు ఆరు నెలలు ఇదే పెనుగులాట. చివరకు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. ముద్ద దిగలేదు. ఇది మనస్సులో పుట్టిన బాధ అని వైద్యులు చేతులెత్తేశారు. ఈ సంగతి దాచుకోకుండా ఆయనే వ్రాసుకున్నారు, అదీ మాకు గొప్పగా తోస్తుంది.

కుటుంబానికి సరిపడా ఉంచి, మిగతా ధనం పంచేసి, హజ్‌కు పోతున్నానని చెప్పి బాగ్దాదు విడిచారు. దమిష్క్ మసీదు మినారులో తలుపు వేసుకొని గడిపారు. తర్వాత జెరూసలేం, అల్ ఖలీల్, మక్కా, మదీనా.

నలభై భాగాల ‘ఇహ్యా ఉలూముద్దీన్’ ఆ మథనం నుంచి వచ్చిందే. అందులో తిండికి, నాలుకకు, కోపానికి వేరువేరు భాగాలున్నాయి. కోపాన్ని చంపమనలేదాయన, వేటకుక్కకు నేర్పినట్టు నేర్పమన్నారు. పిసినారి బలవంతాన అయినా ఇస్తూ పోవాలి; వ్రాయగా వ్రాయగా చేతివ్రాత కుదిరినట్టు, ఇవ్వగా ఇవ్వగా గుణం కుదురుతుందట. ఇంకొకటి వ్యాపారస్తులకు ఇట్టే అర్థమవుతుంది. పొద్దున్నే మనస్సుతో భాగస్తుడితో లాగా ఒప్పందం చేసుకోవాలి, పగలంతా కనిపెట్టి ఉండాలి, రాత్రి లాభనష్టాలు చూడాలి. తేడా వస్తే ఊరికే తిట్టుకోవడం కాదు, తినకూడనిది తిన్న కడుపును పస్తుంచాలి. మన ఇళ్ళల్లో పాల లెక్క క్యాలెండరు మీద గుర్తుపెట్టే ఆడవాళ్ళకు ఇది మగవాళ్ళకన్నా సులువేమో!

ఆయన మాత్రం ఒక్కసారిగా గెలిచారా? అల్ ఖలీల్‌లో, ఇబ్రాహీం అలైహిస్సలాం సమాధి దగ్గర, పాలకుల గుమ్మం తొక్కనని, వారి సొమ్ము ముట్టనని, వాదోపవాదాలకు దిగనని ఒట్టు పెట్టుకున్నారు. కాని 1106లో వజీరు పట్టుబట్టగా నీషాపూర్ సర్కారు మదర్సాలో మళ్ళీ పాఠాలు చెప్పారు. దీన్ని తప్పుపట్టినవారున్నారు. మేము తప్పుపట్టలేము.

తర్వాత తూస్ చేరి ఇంటి దగ్గరే శిష్యులకు బోధిస్తూ ఉండిపోయారు. బాగ్దాదు నుంచి, ఒకప్పుడు నాలుకను కట్టిపడేసిన ఆ పీఠానికే, మళ్ళీ పిలుపు వచ్చింది. తూస్ శిష్యులను వదలలేనని జవాబు వ్రాసి వెళ్ళలేదు. 1111 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు.